85 గ్రాముల వడపోత

సాయర్ స్క్వీజ్ ఫిల్టర్‌ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లకు తక్కిన భాగం ఎక్కడుందని అడగాలనిపిస్తుంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం. ఒక కొసన సీసా మూతలో ఉండేలాంటి మర, రెండో కొసన పైకి లాగితే తెరుచుకునే చిన్న మూతి. బ్యాటరీ లేదు, పంపు లేదు, మీట లేదు. పొడిగా ఉన్నప్పుడు తూకం 85 గ్రాములు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా 4,200 కిలోమీటర్లకు పైగా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ మీద నెలల తరబడి నడిచేవాళ్లు నీళ్ల సీసా మెడకు తగిలించుకుని తిరిగేది ఎక్కువగా దీన్నే. కాలిఫోర్నియాలో ఉద్యోగాలు చేస్తూ సెలవు దొరికితే యోసెమిటీ దారి పట్టే మనవాళ్ల సంచుల్లోకీ ఇలాంటివే చేరాయి.

వీపున మోసుకుని నడిచేవాడికి అసలు బరువు ఫిల్టర్‌ది కాదు, నీళ్లది. లీటరు నీళ్లంటే కిలో. దారిలో వాగు ఎక్కడ తగులుతుందో తెలిసి, ఆ నీళ్లు తాగొచ్చన్న ధీమా ఉంటే మూడు లీటర్లు మోసేచోట ఒక్క లీటరుతో బయల్దేరొచ్చు. ఆ ధీమా 85 గ్రాముల్లో ఎలా పట్టిందన్నది చూడదగ్గ సంగతి.

గొట్టాన్ని అడ్డంగా కోస్తే లోపల మడతపెట్టిన సేమియా కట్టలా తెల్లటి పోగులు కనిపిస్తాయి. ప్రతి పోగూ లోపల బోలుగా ఉంటుంది, దాని గోడ నిండా రంధ్రాలు. వాటిలో ఏదీ 0.1 మైక్రాన్‌ను మించదని తయారీదారు హామీ. మన తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుందని గుర్తుచేసుకుంటే ఆ కొలత ఏపాటిదో తెలుస్తుంది.

అంత సన్న రంధ్రాలను ఏ సూదితోనూ పొడవలేరు. ఇలాంటి పోగులు చేసే ముఖ్యమైన పద్ధతుల్లో ఒకటి చూడండి. పాలిసల్ఫోన్ వంటి ప్లాస్టిక్‌ని ద్రావకంలో కరిగించి, వలయాకారపు సన్నటి సందులోంచి బయటికి నెడతారు. పోగు బోలుగా నిలవడానికి అదే క్షణంలో నడిమధ్య నుంచి వేరే ద్రవం పంపుతారు. బయటపడ్డ పోగు నీళ్లతొట్టిలోకి దిగుతుంది. ద్రావకం నీళ్లలోకి జారుకుంటుంది, నీళ్లు పోగులోకి చొరబడతాయి, ప్లాస్టిక్ బిగుసుకుంటుంది. ద్రావకం ఖాళీ చేసిన జాగాలే రంధ్రాలుగా మిగులుతాయి. తొట్టి వేడి మారినా, ద్రావణం పాళ్లు మారినా, పోగును లాగే వేగం మారినా రంధ్రం కొలత మారిపోతుంది. మైళ్ల కొద్దీ పోగు తీస్తూ ఆ కొలతను ఒకేలా నిలబెట్టడమే ఇందులో ఉన్న పనితనం.

ద్రావకాన్ని నీళ్లతో తరిమి పొరలో రంధ్రాలు పుట్టించే ఈ విద్యకు పేరు తెచ్చినవాళ్లలో మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ ఒకరు. 1960 ప్రాంతంలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్‌తో కలిసి ఆయన తయారుచేసిన పొర, ఉప్పునీటిని మంచినీరుగా మార్చడానికి దారి తెరిచింది. ఇవాళ మన వంటింటి గోడకు వేలాడే ఆర్‌ఓ యంత్రం మూలం అక్కడే ఉంది. బోలు పోగులను కట్టగట్టి వాడే పద్ధతి బాగా స్థిరపడింది మాత్రం ఆసుపత్రుల్లో. డయాలసిస్ చేసేటప్పుడు రోగి రక్తం ఇలాంటి పోగుల లోపలినుంచే ప్రవహిస్తుంది. ఆ రంధ్రాలు ఇంకా సన్నవి, పని వేరు.

ఇక కట్ట కట్టడం. పోగులను నడిమికి మడిచి, అన్ని కొసలనూ ఒకేవైపు చేర్చి, ఆ చివర రెసిన్ పోస్తారు. రెసిన్ ప్రతి పోగు చుట్టూ చేరాలి. ఎక్కడైనా సందు మిగిలితే మురికినీరు గోడ దాటకుండానే దొంగదారిన మంచినీళ్లలో కలుస్తుంది. గట్టిపడ్డాక దాన్ని పదునైన కత్తితో అడ్డంగా కోస్తారు, అప్పుడే పోగుల నోళ్లు తెరుచుకుంటాయి. కత్తి మొద్దుబారితే నోళ్లు నలిగి మూసుకుపోతాయి. కొనేవాడి కంటికి ఎన్నటికీ కనిపించని ఈ కోత నున్నదనం మీదే ఫిల్టర్ మంచిచెడ్డలు ఆధారపడతాయి.

నీళ్లు పోగు బయటినుంచి లోపలికి వెళతాయి. ఈ దిశను ఎంచుకోవడంలో రెండు లాభాలున్నాయి. పోగు వెలుపలి వైశాల్యం లోపలిదానికన్నా ఎక్కువ కాబట్టి మురికి పరుచుకోవడానికి జాగా ఎక్కువ. పైగా ఆ మురికి గోడకు బయటే ఉండిపోతుంది కనక, శుభ్రమైన నీళ్లను రెండోవైపునుంచి గట్టిగా నెడితే ఊడి వచ్చేస్తుంది. ఫిల్టర్‌తోపాటు సిరంజి ఇచ్చేది అందుకే. దారిలో దాన్ని కూడా మోయడం ఇష్టంలేని అమెరికా నడకగాళ్లు స్మార్ట్‌వాటర్ సీసా స్పోర్ట్ మూతను ఫిల్టర్ మూతికి ఆనించి, సీసాలోని మంచినీళ్లతోనే వెనక్కి కడుగుతారు. కొన్ని గ్రాముల కోసం ఇంత ఆలోచనా అంటే, వాళ్లు టూత్‌బ్రష్ పిడిని కూడా విరిచి పారేసే జాతి.

మర సంగతీ చెప్పాలి. ఫిల్టర్ అడుగున ఉన్నది 28 మిల్లీమీటర్ల సీసా మర, అంటే మామూలు కూల్‌డ్రింక్ సీసా మెడ కొలత. ఫిల్టర్‌కు బిగించి పిండే నీళ్ల సంచీ చిరిగినా పెట్రోలు బంకు పక్క కొట్లో ఇంకో సీసా కొనుక్కోవచ్చు. ఇలాంటి పలుచని సంచులు గట్టిగా పిండితే అతుకుల దగ్గర విచ్చుకుంటాయి కాబట్టి ఈ వెసులుబాటు చిన్నదేం కాదు. మన దగ్గర కొన్ని మంచినీళ్ల సీసాల మెడలు వేరే కొలతలో వస్తున్నాయి, బయల్దేరేముందే బిగించి చూసుకోవాలి. మర లోపల ఒక రబ్బరు వాషరుంటుంది. అది జారిపోతే వడకట్టని నీళ్లు మర పక్కనుంచి కారి తాగే మూతి దాకా వస్తాయి. ఇంత పనితనమూ ఆ వాషరు దగ్గర ఓడిపోతుంది, ఒకటి అదనంగా సంచిలో వేసుకోవడం మేలు.

ఇదే కంపెనీ తయారుచేసే మినీ ఇంకా తేలిక, 57 గ్రాములు. కానీ పోగుల కట్ట చిన్నది, ధార సన్నగిల్లుతుంది. ఇరవై ఎనిమిది గ్రాముల కోసం సాయంత్రం చీకటిపడేవేళ వాగు పక్కన చాలాసేపు పిండుతూ కూర్చోవడం నాకు లాభసాటి బేరంగా తోచదు. మినీని లక్ష గ్యాలన్ల దాకా వాడొచ్చని రాస్తారు. రోజుకు నాలుగు లీటర్లు తాగే మనిషికి రెండున్నర శతాబ్దాలు సరిపోతుందన్నమాట, ఆ అంకెను నవ్వుకుని వదిలేయాలి. స్విస్ కంపెనీ కటాడిన్ వారి బీఫ్రీ ఇంకో దారిన వెళ్లింది. పెద్ద మూతి ఉన్న మెత్తటి సీసాలోకి పోగుల కట్ట వేలాడుతుంది, నీళ్లు పోసి అటూ ఇటూ ఊపితే మురికి వదులుతుంది, సిరంజి అక్కర్లేదు. ధార కూడా జోరుగా ఉంటుంది. అయితే ఆయుష్షు వెయ్యి లీటర్లన్నారు, మూతి కొలత 42 మిల్లీమీటర్లు కావడంతో మామూలు సీసాకు పట్టదు. వారం నడకకు బీఫ్రీ హాయి, నెలల నడకకు స్క్వీజ్ నమ్మకం.

ఇవేవీ లేని రోజుల్లో కటాడిన్ పాకెట్ ఉండేది. వెండి కలిపిన పింగాణీ కొవ్వొత్తి, లోహపు ఒళ్లు, చేత్తో కొట్టే పంపు, అరకిలో దాటిన బరువు, యాభై వేల లీటర్ల ఆయుష్షు. అడ్డుపడితే పైపొర గీకి మళ్లీ వాడొచ్చు. దాని పూర్వీకుణ్ణి పాశ్చర్ దగ్గర పనిచేసిన చార్లెస్ ఛాంబర్లాండ్ 1884లో తయారుచేశాడు. మెరుగు పూయని పింగాణీలోంచి నీళ్లు వడకడితే బ్యాక్టీరియా ఆగిపోయేది. 1892లో దిమిత్రి ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని ఆ ఫిల్టర్‌లో పోశాడు. కిందికి దిగిన రసం కూడా తెగులు అంటించింది. వైరస్‌ల కథ అక్కడ మొదలైంది.

ఆ కథ ఈ 85 గ్రాముల గొట్టానికీ వర్తిస్తుంది. జియార్డియా అనే పరాన్నజీవి తిత్తి పొడవు 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పొరిడియం 4 నుంచి 6, కలరా క్రిమి అడ్డకొలత అర మైక్రాన్ చుట్టుపక్కల. అన్నీ ఆగుతాయి. హెపటైటిస్ ఎ వైరస్ 30 నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది, అలాంటివి మూడు పక్కపక్కనే నడిచినా 0.1 మైక్రాన్ ద్వారంలోంచి దూరిపోగలవు. తయారీదారుకు ఇది తెలియక కాదు. రంధ్రం ఇంకా సన్నం చేస్తే చేతి పిండుడుకు నీళ్లు దిగవు, పంపు కావాలి, బరువు పెరుగుతుంది. వైరస్‌లను సైతం ఆపే ఎంఎస్ఆర్ గార్డియన్ పంపు దాదాపు అరకిలో తూగేది అందుకే. స్క్వీజ్ చేసినవాళ్లు వైరస్‌ను వదిలేసి బరువును గెలిచారు. మనుషుల జాడ తక్కువగా ఉండే సియెర్రా నెవాడా కొండల్లో ఆ బేరం సబబే. పైన ఊళ్లు, కింద దారి ఉండే మన హిమాలయాల్లో, అరకు చుట్టుపక్కల వాగుల్లో సబబు కాదు.

మరి ఇక్కడ ఏం చేయాలి? వడకట్టిన నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి, అట్ట మీద రాసినంతసేపు ఆగాలి. ఈ జత ముచ్చటైనది. క్రిప్టోస్పొరిడియం క్లోరిన్‌కు మొండికేస్తుంది, దాన్ని పోగు ఆపుతుంది. వైరస్ పోగును దాటుతుంది, దాన్ని క్లోరిన్ తేలిగ్గా చంపుతుంది. కరిగి ఉన్నదాన్ని మాత్రం రెండూ ఏమీ చేయలేవు. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ ఈ గొట్టంలోంచి హాయిగా వెళ్లిపోతుంది, దానికి పటిక, సున్నం వేసే నల్లగొండ పద్ధతి వంటివి వేరే ఉన్నాయి. హిమనదాల కింద పాలలా పారే నీళ్లయితే ముందు గిన్నెలో తేరనివ్వాలి. పటికైనా, మన పెద్దవాళ్లు కుండలో అరగదీసిన ఇండుప గింజైనా పోగులకు సగం పని తగ్గిస్తుంది.

ఈ ఫిల్టర్‌ను ముఖ్యంగా చంపేది మంచు. ఒకసారి తడిసిన పోగులో నీళ్లు గడ్డకడితే గోడ చిట్లుతుంది. పైకి ఏమీ తెలియదు, ధార ఇంకా బాగా వస్తుంది కూడా. డిసెంబరులో కేదార్‌కంఠ ఎక్కేవాళ్లు రాత్రి దీన్ని జేబులో పెట్టుకుని స్లీపింగ్ బ్యాగులో పడుకోవాలి. గడ్డకట్టిందన్న అనుమానం వస్తే మళ్లీ వాడకుండా, స్టవ్ వెలిగించి నీళ్లు మరగబెట్టుకోవాలి. రెండువేల మీటర్లు దాటిన ఎత్తులో కళపెళ మరగడం మొదలయ్యాక మూడు నిమిషాలు ఉంచమంటారు.