ఆకలీ ప్రేమా ఒకే నోట

కార్మిల్లా ఎన్ని ఊళ్లు మారినా ఒక్క కట్టుబాటును మాత్రం దాటలేదు. పేరు మార్చుకోవచ్చు గానీ అక్షరాలు మార్చుకోవడానికి వీల్లేదు. అందుకే ఒకచోట మిర్కాల్లా, ఇంకోచోట మిల్లార్కా, లారా అనే అమ్మాయి వాళ్ల కోటలో కార్మిల్లా. ఐర్లండ్ రచయిత షెరిడన్ లె ఫాను 1871-72లో రాసిన ‘కార్మిల్లా’ అనే రక్తపిశాచి నవలిక ఇది. 1698 నాటి చిత్రపటం ఒకటి తుడిచి చూస్తే అందులో ఉన్నది అచ్చం కార్మిల్లాయే! అక్షరాలను ఎటు తిప్పుకున్నా తన నుంచి తాను తప్పించుకోలేదు. లారా మీద ఆమెకున్నది ప్రేమా, వేటా అని అడిగితే లె ఫాను రెండూ అంటాడు. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో చెప్పడు. కుర్ర రక్తపిశాచుల కథలు నూటయాభై ఏళ్లుగా ఇక్కడే తచ్చాడుతున్నాయి.

ఈ సాహిత్యంలో నియమాలదే పెద్ద పాత్ర. అద్దంలో నీడ పడకూడదు, పిలవందే గడప దాటకూడదు, వయసు పెరగకూడదు. బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాకులా’ రాసినప్పుడు ఇలాంటి నియమాలను మనల్ని భయపెట్టడానికి వాడుకున్నాడు. ఆ నవలంతా డైరీలు, ఉత్తరాలు, ఫోనోగ్రాఫ్ రికార్డులు. దాదాపు అన్నీ వేటాడేవాళ్లవే. డ్రాకులా తన కథ తాను చెప్పుకునే అధ్యాయం ఒక్కటీ లేదు. తర్వాతి తరం చేసిన పని చిన్నదే: అవే నియమాలను లోపలి నుంచి చూడటం. అద్దంలో కనిపించనివాడు ఎదుటివాళ్లకు భయం సరే, అద్దం ముందు నిలబడ్డ వాడికి ఏమనిపిస్తుంది?

అమెరికన్ రచయిత్రి ఆన్ రైస్ 1976లో ‘ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్’లో రక్తపిశాచి ముందు టేప్ రికార్డర్ పెట్టింది. మాట్లాడేది లూయీ. గుర్తుండిపోయేది మాత్రం క్లాడియా. ప్లేగుతో చనిపోయిన తల్లి పక్కన ఏడుస్తున్న ఐదేళ్ల పిల్లను మొదట కొరికింది లూయీ. తమలో కలుపుకున్నది మరో రక్తపిశాచి లెస్టాట్. ఒళ్లు అక్కడే ఆగిపోయింది, బుద్ధి ఆగలేదు. అరవై ఏళ్లు గడిచినా జనానికి ఆమె ఉంగరాల జుట్టు బుజ్జిపాపే. రైస్ నేర్పు ఇక్కడ చూడాలి. క్లాడియా వేదనను ఉపన్యాసంగా చెప్పించదు, వస్తువుల మీద పెడుతుంది. బొమ్మలు చేసే ఒకావిడను క్లాడియా పాప బొమ్మ కాదు, పెద్ద ఆడమనిషి బొమ్మ చేసివ్వమంటుంది. తాను ఎన్నటికీ కాలేని మనిషిని చేతిలో పట్టుకుని చూడాలని. లూయీ ఆమెకు తండ్రి, తోడు, హంతకుడు. ప్రేమించడానికైనా పగబట్టడానికైనా ఆమెకు దిక్కు ఆ మనిషే. రైస్ కూతురు మిషెల్ 1972లో, ఆరేళ్లు నిండకుండానే, రక్త కేన్సర్‌తో చనిపోయింది. తెర మీదికొచ్చేసరికి క్లాడియా వయసు పెరుగుతూ వచ్చింది. 2022 టీవీ సీరియల్లో పద్నాలుగేళ్లు. చిన్నపిల్లతో ఆ వేషం వేయించడం కష్టమే, ఒప్పుకోవాలి. కానీ ఐదేళ్ల ఒంట్లో ఇరుక్కున్న ముసలి మనసు కలిగించే వణుకు పద్నాలుగేళ్ల పిల్లలో ఎలా వస్తుంది?

గడప నియమాన్ని అందరికంటే బాగా వాడుకున్నవాడు స్వీడన్ రచయిత యోన్ అయ్‌విదే లిండ్‌క్విస్ట్ అని నా లెక్క. 2004లో వచ్చిన ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ కథ 1981లో, స్టాక్‌హోమ్ శివారు బ్లాకెబెరీలో జరుగుతుంది. రచయిత పెరిగిన చోటే అది. కోటల్లేవు, అపార్టుమెంట్లే. బడిలో రోజూ దెబ్బలు తినే పన్నెండేళ్ల ఆస్కార్‌కు పక్కవాటాలో దిగిన ఎలీతో స్నేహం కుదురుతుంది. ఇద్దరూ గోడకు అటూ ఇటూ మోర్స్ కోడ్‌లో మాట్లాడుకుంటారు. తాను అమ్మాయిని కాదని ఎలీ ముందే చెబుతుంది. మరి ఎవరు? ఆ జవాబు నవల మెల్లగా, బాధగా విప్పుతుంది. (మన పల్లెల్లోనూ ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. పిలుపుతో లోపలికి రాబోయే దయ్యానికి మాటతోనే అడ్డం వేయడం.) ఒకరోజు ఆస్కార్ మొండికేస్తాడు. పిలవకుండా వస్తే ఏమవుతుందో చూద్దామంటాడు. ఎలీ గడప దాటుతుంది. ఒంటి నిండా రక్తం చెమటలా పుట్టుకొస్తుంది. వాడు హడలిపోయి రమ్మంటాడు. స్టోకర్ చేతిలో రక్షణగా ఉన్న నియమం ఇక్కడ నమ్మకానికి పరీక్ష అయింది. నన్ను నన్నుగా రానిస్తావా అన్నదే ఎలీ ప్రశ్న. అయితే ఎలీ కోసం హత్యలు చేసిపెట్టే హోకన్ అనే పెద్దమనిషి కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడని రచయిత మనల్ని మరచిపోనివ్వడు. 2008 సినిమా చూసినవాళ్లలో చాలామందికి చివర వచ్చే అనుమానం, రేపు ఆస్కార్ గతీ అంతేనా అని.

‘ట్విలైట్’ (2005) గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో చావబోయి పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయిన ఎడ్వర్డ్ కుటుంబం జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటుంది. ఆకలి ఒక నోములా మారింది. ప్రేమ నిలిచింది, చెల్లించాల్సిన మూల్యం తగ్గిపోయింది.

అదే ఏడాది అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ ‘ఫ్లెజ్లింగ్’ వచ్చింది. అంత పేరు రాలేదు గానీ లోతు దీనిదే. రక్తపిశాచి షోరీ కాలిన గాయాలతో ఒక గుహలో మేలుకుంటుంది. తానెవరో గుర్తులేదు. పగటి వెలుగును తట్టుకోగలగాలని ఆమెలో నల్లజాతి మనుషుల జన్యువులు కలిపారని తర్వాత తెలుస్తుంది. ఆమెను కాపాడే ఆ నల్లని చర్మాన్నే చూపించి, నువ్వు మాలో దానివి కాదంటారు సొంత జాతిలో కొందరు. ఈ రక్తపిశాచుల లాలాజలంలో మత్తు ఉంది. కొరికించుకున్నవాళ్లు మెల్లగా దానికి కట్టుబడతారు, ఆపై దూరమైతే బతకలేరు. ఈ సంగతి షోరీకి తెలిసేసరికే ఆమె కొరికిన రైట్ అనే మనిషి చాలా దూరం వచ్చేశాడు. వెళ్లాలనుకుంటే వెళ్లు, ఇంకా సమయం మించలేదంటుంది. అతను ఉండిపోతాడు. ఉంటానన్నది అతని మనసా, ఒంట్లో పారుతున్న మత్తా? ఇద్దరికీ తెలియదు, బట్లరూ తేల్చలేదు. మరుసటి ఏడాది బట్లర్ చనిపోయింది. ‘ఫ్లెజ్లింగ్’ ఆమె చివరి నవల.