తలుపు కొట్టి చూశాడు

కారులో సౌండు చాలకపోతే చాలామంది చేసే పనే నేనూ చేశాను. 12 వేలు పోసి డిక్కీలో బాస్ ట్యూబు పెట్టించాను. మూడు రోజులు నేను సందు మలుపు తిరక్కముందే వీధికి తెలిసిపోయేది. నాలుగో రోజు పక్క సీట్లోంచి మా ఆవిడ అడిగింది: "ఏవండీ, ఈ పాటలో మాటలేమయ్యాయి?"

నిజమే, మాటల్లేవు. వెనకనుంచి దబ్ దబ్, ముందునుంచి రేకు డబ్బాలో ఎవరో గొంతు సవరించుకుంటున్న చప్పుడు.

ముందు స్పీకర్లు మార్పిద్దామని బెజవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ట్యూబు వంక చూడనైనా లేదు. వేలి కణుపుతో డోరు మీద కొట్టాడు. టంగ్‌మంది, ఖాళీ బిందెలా.

"స్పీకరుకి పెట్టె ఏది సార్?" అన్నాడు. డిక్కీ చూపించాను. "అది దాని పెట్టె. ముందువాటికి ఈ డోరే పెట్టె. ఇది ఇట్టా మోగుతుంటే మీరు ఎన్ని వేలది కొన్నా వినపడేది రేకే."

డోరు ప్యాడ్ ఊడదీస్తే తెలిసింది. లోపలి రేకుకి చెయ్యి దూరేంత కంతలు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం. స్పీకరు కోను ముందుకొచ్చి గాలిని నెట్టిన క్షణంలోనే వెనకవైపు గాలిని లాగుతుంది. ఆ కంతల గుండా వెనక గాలి వచ్చి ముందు గాలిని కలుసుకుంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ముందు పోయేది బాసే. నేను డిక్కీలో వెతికింది డోరులో పోగొట్టుకుంటున్నానన్నమాట.

ఆ మోత ఆపి కంతలు మూయడానికి మధ్యాహ్నమంతా మేస్త్రీ దగ్గరి కుర్రాడు డోర్లకి షీట్లు అతికించాడు. ఒకవైపు నల్లగా జిగటగా బ్యూటైల్ రబ్బరు, రెండోవైపు వెండి రేకులా అల్యూమినియం. కాస్త వేడి చూపించడం, చిన్న రోలరుతో గాలి బుడగ లేకుండా నొక్కడం. బయటి రేకుకి లోపలివైపు కొంత, కంతల మీద పూర్తిగా. అయ్యాక మేస్త్రీ మళ్లీ కొట్టాడు. ఈసారి బియ్యం నిండుగా ఉన్న డ్రమ్ము మీద కొట్టినట్టు మెత్తగా 'దబ్' అంది.

వెనక డోర్లు తర్వాత ఇంటి దగ్గర ఒక షాపులో చేయించి బుద్ధి తెచ్చుకున్నాను. అద్దం రబ్బరు పక్కనుంచి దిగే వాన నీళ్లు పోవడానికి డోరు అడుగున సన్నటి రంధ్రాలుంటాయి. వాళ్లు ఉత్సాహం కొద్దీ వాటినీ మూసేశారు. మొదటి వానకి, బ్రేకు వేసినప్పుడల్లా డోరులో చెరువు ఊగింది.

ఇక స్పీకర్లు. ఆరున్నర అంగుళాలవి, ట్వీటర్లు విడిగా ఉన్నవి తీసుకున్నాను. బిగించే ముందు మేస్త్రీ కారులోంచి వచ్చే వైర్లకి పాత స్పీకర్లు తగిలించి ఉండగానే, స్టీరియో డెక్కు వెనక కప్లర్ ఊడదీసి, ఆ కొసలకి 1.5 వోల్టుల టార్చి సెల్లు తాకించాడు. కుడి డోరు కోను టక్కున బయటికొచ్చింది. ఎడమది లోపలికి పోయింది. ఎప్పుడో ఎవరో వైర్లు తారుమారు చేశారు. ఒకటి నెడుతుంటే ఇంకోటి లాగుతోంది. గాయకుడి గొంతు మధ్యలో నిలబడకుండా ఎక్కడో గాలిలో తేలడం అందుకే. అది సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

డెక్కు ముఖాన '50 వాట్లు x 4' అని అచ్చేసి ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు దొరికేది 14.4 వోల్టులు, స్పీకరు నిరోధం 4 ఓములు. లోపల వోల్టేజీ పెంచే ఏర్పాటు లేని మామూలు డెక్కు ఒక్కో స్పీకరుకి నిలకడగా 26 వాట్లు దాటి ఇవ్వలేదు. వచ్చేది 20కి అటూఇటూ. వెనకటి టేప్‌రికార్డర్ల మీద వేల వాట్ల పీఎంపీఓ రాసేవారే, దానికి ఇది మనవడు. అట్ట మీద ఆర్‌ఎంఎస్ అన్న అంకె, అంటే నిలకడగా ఇచ్చేది, ఒక్కటే చూడండి.

పరీక్షకి 1989 నాటి 'గీతాంజలి' పాటలు పెట్టాను. ఇళయరాజా బేస్ గిటార్ పాట కింద ఇంకో పాట పాడుతుంటుంది. ఇన్నాళ్లూ నాకది దబదబే. ఇప్పుడు ఏ తీగ మీదనుంచి ఏ తీగ మీదికి వేలు పోయిందో తెలుస్తోంది. ఆ గిటార్ అట్టడుగు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అంత లోతుకి డోరు స్పీకరు దిగలేదు కాబట్టి ట్యూబుని పీకించలేదు, నాబు పావు వంతుకి తగ్గించాను. అది ఉన్నట్టు తెలియకుండా ఉంటేనే దాని పని అది చేస్తున్నట్టు.

మాటలొచ్చాయని మా ఆవిడ ఒప్పుకుంది. రెండో పాటకి మాత్రం ఆవిడ ముందు ఏదో టకటకలాడటం మొదలైంది. మూడు రోజులు డ్యాష్‌బోర్డంతా తడిమాను. చివరికి గ్లవ్ బాక్సులో, కాగితాల అడుగున, ఆవిడ నిరుడు పోగొట్టుకున్న కళ్లజోడు పెట్టె.