స్టార్ వార్స్ చిత్రములు: చూడవలసిన క్రమము

ఉన్నత పాఠశాలలలో విజ్ఞాన సంఘములు నడుపు ఉపాధ్యాయులు సెలవు దినములలో విద్యార్థులకు విజ్ఞాన కల్పనా చిత్రములు చూపుట కలదు. అట్టి ఉపాధ్యాయులొకరు ఇటీవల నన్ను ఒక ప్రశ్న అడిగినారు. "స్టార్ వార్స్ చిత్రములు తొమ్మిది ఉన్నవి. వానికి వరుస సంఖ్యలు కూడ ఉన్నవి. ఒకటవ భాగముతో మొదలుపెట్టుటయే న్యాయము గదా?" ప్రశ్న చిన్నదే. కాని సమాధానము వెదకబోయినచో, మనము తరగతిలో పాఠము చెప్పు పద్ధతిని గూర్చియే ఆలోచింపవలసి వచ్చును.

ముందుగా ఈ చిత్రముల చరిత్రను తెలిసికొందము. జార్జ్ లూకాస్ అను అమెరికా దర్శకుడు తీసిన మొదటి చిత్రము 1977 మే 25వ తేదీన విడుదలైనది. అప్పుడు దాని పేరు స్టార్ వార్స్ మాత్రమే; దానికి సంఖ్య లేదు. 1980లో వచ్చిన రెండవ చిత్రము తాను ఐదవ భాగమని తెరమీద చెప్పుకొన్నది. 1981లో మొదటి చిత్రమును మరల విడుదల చేసినప్పుడు దానికి నాలుగవ భాగమను సంఖ్యను, 'ఎ న్యూ హోప్' అను పేరును చేర్చినారు. ఆరవ భాగము 1983లో వచ్చినది. పదునారు సంవత్సరముల తరువాత, 1999లో, ఒకటవ భాగము వెలువడినది. 2002లో రెండవది, 2005లో మూడవది వచ్చినవి. లూకాస్ తన సంస్థను 2012లో డిస్నీ సంస్థకు అమ్మివేసిన పిదప, 2015, 2017, 2019 సంవత్సరములలో ఏడు, ఎనిమిది, తొమ్మిదవ భాగములు వచ్చినవి. ఇవిగాక 2016లో 'రోగ్ వన్', 2018లో 'సోలో' అను ఉపకథా చిత్రములు కలవు.

కావున మన ముందు రెండు క్రమములున్నవి. మొదటిది కథాక్రమము: ఒకటి నుండి తొమ్మిది వరకు. రెండవది నిర్మాణక్రమము: 4, 5, 6, 1, 2, 3, 7, 8, 9. ఇవి చాలక, 4, 5 భాగముల తరువాత 2, 3 భాగములను చూచి, పిమ్మట 6వ భాగముతో ముగించు పద్ధతి నొకదానిని కొందరు అభిమానులు ప్రచారము చేసినారు. అందు ఒకటవ భాగమునకు చోటే లేదు.

కథాక్రమమును సమర్థించువారి వాదమును తేలికగా త్రోసిపుచ్చరాదు. కాలము ముందుకే సాగును. తండ్రుల కథ ముందు, బిడ్డల కథ వెనుక చెప్పుట సహజము. పైగా, సంఖ్యలు పెట్టినవాడు చిత్రనిర్మాతయే. మన ఆంధ్ర మహాభారతమునే చూడుడు. నన్నయ రెండున్నర పర్వములు రచించెను. తిక్కన విరాటపర్వము మొదలుకొని కడవరకు రచించెను. మిగిలిన అరణ్యపర్వ శేషమును ఎఱ్ఱన ఆ తరువాత పూరించెను. అంత మాత్రమున ఎఱ్ఱనను చివర చదువుచున్నామా? పర్వక్రమముననే గదా చదువుచున్నాము!

ఈ పోలిక బాగుగనే యున్నది. కాని ఒక భేదము కలదు. భారతకథ తెలుగు పాఠకునకు ముందే తెలిసినది. పాండవులు ఎవరి కుమారులో తెలియదని నటించి ఎవడును భారతము తెరువడు. స్టార్ వార్స్ అట్టిది కాదు. 1980 నాటి చిత్రములో, డార్త్ వేడర్ అను ప్రతినాయకుని గూర్చి ఒక నిజము బయటపడును. అదేమో ఇక్కడ చెప్పను. తెలియని విద్యార్థి తానై తెలిసికొనవలెను. అంతవరకు చూచిన ప్రతి సంఘటనకు ఆ ఒక్క మాటతో క్రొత్త అర్థము వచ్చును. కథాక్రమములో చూచువానికి ఆ నిజము మూడవ భాగములోనే కన్నులయెదుట జరిగిపోవును. ఐదవ భాగమునకు వచ్చుసరికి కథానాయకుడు దిగ్భ్రాంతుడగును. చూచువాడు మాత్రము తెలిసిన సంగతియే యని ఊరకుండును.

మన భౌతికశాస్త్ర పాఠములో సరిగా ఇదియే జరుగుచున్నది. పరమాణువు నడుమ కేంద్రకము, చుట్టును ఎలక్ట్రానులు అని మొదటి వాక్యములోనే చెప్పివేయుదుము. తరువాత ఎన్నడో రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలలో గైగర్, మార్స్‌డెన్‌లు 1909లో చేసిన ప్రయోగమును వర్ణింతుము. పలుచని బంగారు రేకుపైకి పంపిన ఆల్ఫా కణములలో బహు కొద్ది వెనుకకు మరలినవని చెప్పగానే విద్యార్థి, "అవును, లోపల కేంద్రకము ఉన్నది గదా" అనును. ఆశ్చర్యమునకు తావే లేదు. పరమాణువు అంతటను ధనావేశము పరచుకొని యున్నదను థామ్సన్ భావనను ముందు నమ్మి యుండినవానికి గాని, ఆ వెనుదిరిగిన కణముల విలువ తెలియదు. సమాధానము ముందు, ప్రశ్న వెనుక వచ్చినచో మిగులునది జ్ఞాపకము మాత్రమే.

నిర్మాణక్రమమునకు మరియొక ప్రయోజనము కలదు. అది తప్పులను దాచదు. 1977 చిత్రములో హాన్ సోలో అను నౌకాధిపతి, కెసెల్ మార్గమును తన నౌక 12 పార్సెక్‌ల కంటె తక్కువలో దాటినదని గొప్ప చెప్పుకొనును. పార్సెక్ కాలమానము కాదు, దూరమానము, సుమారు 3.26 కాంతి సంవత్సరములు, అనగా దాదాపు 31 లక్షల కోట్ల కిలోమీటర్లు. వేగమును గూర్చి గొప్ప చెప్పుచు దూరమును చెప్పుట వింతగా నున్నది. 2018 నాటి 'సోలో' చిత్రములో దీనికి ఒక సమర్థన కల్పించినారు: అపాయకరమైన అడ్డదారిన పోయి అతడు దూరమునే తగ్గించినాడట! కథాక్రమములో ముందుగా 'సోలో'ను చూచిన విద్యార్థికి ఆ మాటలో లోపమే కనబడదు. నిర్మాణక్రమములో చూచినవాడు లోపమును పట్టుకొనును. నలుబది యొక్క సంవత్సరముల తరువాత దానికి వేసిన అతుకును కూడ గుర్తించును. ఈ రెండవ విద్యార్థియే మనకు కావలసినవాడు.

'ఫోర్స్' అను అద్భుతశక్తి విషయమును చూడుడు. తొలి మూడు చిత్రములలో అది సర్వప్రాణులను కలుపు ఒక శక్తి. అంతకుమించి వివరణ లేదు. 1999 చిత్రములో, జీవకణములలో మిడిక్లోరియనులను సూక్ష్మజీవులుండుననియు, రక్తపరీక్షచే వాని సంఖ్యను కొలిచి ఎవరికి ఎంత శక్తి యున్నదో చెప్పవచ్చుననియు అన్నారు. చూచుటకు ఇది శాస్త్రీయము. కాని ఆ జీవులు ఆ శక్తితో ఎట్లు సంబంధము పెట్టుకొనుచున్నవో తెలియదు. తెలియని దానికి పేరు పెట్టి, సంఖ్య నిచ్చినంతనే వివరణ కానేరదు. ఒకటవ భాగముతో మొదలుపెట్టిన విద్యార్థి దీనిని నిర్వచనముగా స్వీకరించును. నాలుగవ భాగముతో మొదలుపెట్టినవాడు, "దీనివలన అదనముగా ఏమి తెలిసినది?" అని అడుగును. అందుచేతనే ఒకటవ భాగమును తీసివేయు పద్ధతిని నేను అంగీకరింపను. కథ బిగువునకు అది మేలేమో. విమర్శ నేర్చుకొనువానికి మంచి అవకాశము పోవును.

చిత్రమును దాని కాలములో నిలిపి చూచుట కూడ విజ్ఞానమే. 1977 చిత్రములో కథానాయకుడు ఎడారి గ్రహముమీద నిలిచి ఇద్దరు సూర్యుల అస్తమయమును చూచును. ఆనాటికి సౌరకుటుంబమునకు వెలుపల ఒక్క గ్రహమైనను నిర్ధారితము కాలేదు. తొలి నిర్ధారణ 1992లో జరిగినది. రెండు నక్షత్రముల చుట్టు తిరుగు కెప్లర్-16బి అను గ్రహమును 2011లో ప్రకటించినారు. ఆ నక్షత్రములు 41 దినముల కొకసారి ఒకదాని నొకటి చుట్టివచ్చును. గ్రహము 229 దినములలో ఆ రెండింటిని చుట్టివచ్చును. ఈ సంవత్సరములను నల్లబల్లపై వ్రాసి ఆ దృశ్యమును చూపినచో, ఊహ ఎంత ముందు నడచినదో విద్యార్థికి తెలియును. అట్లే, శూన్యములో ప్రేలుడు ధ్వని వినబడుట ఎట్లు సాధ్యమని కూడ అడుగవలెను. ఆ తప్పు ఏ క్రమములో చూచినను తప్పదు.

నిర్మాణక్రమములోను చిక్కులు లేకపోలేదు. 1997లో తొలి మూడు చిత్రములకు కంప్యూటరు దృశ్యములు చేర్చి మార్పులు చేసినారు. కావున నేడు సాధారణముగా దొరకు ప్రతులు సరిగా ఆనాటివి కావు. ఉపాధ్యాయుడు ఈ సంగతిని ముందే చెప్పవలెను.

తొమ్మిది భాగములు చూచుటకు దాదాపు 20 గంటలు పట్టును. పాఠశాలకు అంత తీరిక ఉండదు. 1977, 1980, 1983 నాటి మూడు చిత్రములు చాలును. ఆరు గంటలకు పైన కొంచెము పట్టును. ఆసక్తి గలవారు తరువాత 1, 2, 3 భాగములను, పిదప తక్కినవానిని తామే చూడగలరు. అన్నియు ముగిసిన పిమ్మట రెండవసారి కథాక్రమములో చూచిన మంచిదే. పాఠము పూర్తియైన తరువాత పునశ్చరణకు తర్కక్రమము ఎంతయో ఉపకరించును. కాని పునశ్చరణను తొలిపాఠము చేయరాదు.

ఆ ఉపాధ్యాయునకు నేను చెప్పిన సమాధానమిది: "నాలుగవ భాగముతో మొదలుపెట్టుడు. ఐదవ భాగములో ఆ నిజము బయటపడినప్పుడు తెరవైపు చూడక, పిల్లల ముఖములవైపు చూడుడు. పరమాణు పాఠములో అటువంటి ముఖములు మీకు ఎన్నడైన కనబడినవేమో ఆలోచింపుడు. కనబడకపోయినచో, ఆ పాఠమును చెప్పు క్రమమును కూడ మార్చుడు."