చొరవ ఎవరి సొత్తు?

ఈ వారం మా కాలనీలో పిల్లలకు లెక్కల క్విజ్ పెట్టారు. ముందు బజర్ నొక్కినవాళ్లకే అవకాశం. ఆడపిల్లల జట్టు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని సరైన జవాబు తేల్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. "మీరు కాస్త చొరవ చూపాలమ్మా" అన్నారు నిర్వాహకులు. నాకు ఒళ్లు మండింది. లెక్కలు పరుగుపందెం కాదు కదా.

ఆ 'చొరవ' మాట వినగానే ఒక పుస్తకం గుర్తొచ్చింది. బ్రిటిష్ గణితవేత్త యూజీనియా చెంగ్ 2020లో 'ఎక్స్ + వై' అనే పుస్తకం తెచ్చారు. ఆమెది కేటగరీ థియరీ. 1945లో ఐలెన్‌బర్గ్, మాక్‌లేన్ పునాది వేసిన ఈ శాఖలో ఒక వస్తువు లోపల ఏముందని కాదు, మిగతావాటితో దానికి సంబంధం ఏమిటని అడుగుతారు. చెంగ్ ఆ చూపుతోనే ఆడ, మగ అనే చర్చను విప్పిచూశారు. తాను నెగ్గడమే ముఖ్యమనుకునే తీరును 'ఇంగ్రెసివ్' అన్నారు, పదిమందినీ కలుపుకుపోయే తీరును 'కాంగ్రెసివ్' అన్నారు.

అది చదివినప్పుడు, కలుపుకుపోవడం ఆడవాళ్ల గుణం, కాబట్టి వాళ్ల పద్ధతే మేలు అని రాసేద్దామనిపించింది. ఇంతలో పాలీమ్యాథ్ అనే ఉమ్మడి గణిత ప్రయత్నం గుర్తొచ్చింది. 2009లో గణితవేత్త తిమోతీ గోవర్స్ ఒక కఠినమైన సమస్యను తన బ్లాగులో అందరి ముందూ పెట్టారు. సగం సగం ఆలోచనలైనా సరే, పంచుకోమన్నారు. 37 రోజుల్లో 27 మంది దాదాపు 800 వ్యాఖ్యలు రాశారు. ఒకరు వదిలిన కొస మరొకరు అందుకున్నారు, దారి దొరికింది. వ్యాసం డి.హెచ్.జె. పాలీమ్యాథ్ అనే ఉమ్మడి పేరుతో వెలువడింది. మొదలుపెట్టిన గోవర్స్, చేయి కలిపిన టెరెన్స్ టావో ఇద్దరూ ఫీల్డ్స్ పతకం అందుకున్న మగవాళ్లే.

కలిసి పనిచేయడం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన గుణమైతే ఇదెలా జరిగింది? పైగా "ఆడవాళ్లు సర్దుకుపోతారు" అన్న మెచ్చుకోలుతోనే ఇంట్లో, ఆఫీసులో పేరు రాని చాకిరీ అంతా వాళ్ల నెత్తిన పడుతోంది. చెంగ్ కొత్త మాటలు తెచ్చింది గుణాన్ని గుణంగా చూడడానికి, దానికి చీరో చొక్కానో తొడగకుండా ఉండడానికి.

అందుకే ఆడపిల్లలకు వేరే పోటీ అడగను. అందరికీ ఒకే పోటీ పెట్టండి, నియమాలు మార్చండి. జట్టుకు పది నిమిషాలివ్వండి. జవాబుకు సగం మార్కులు, దారి వివరించినందుకు సగం మార్కులు. తోటివాళ్ల మాట ఆలకించడం మగపిల్లలకూ నేర్పాల్సిన లెక్కే.