ఉక్కుగోళీ విద్య: పిన్‌బాల్ నేటి యువతకు రుచించునా?

చేతిలో ఇమిడెడు ఫోనులోనే వేలకొలది ఆటలు లభించుచున్న ఈ కాలమున, రంగురంగుల దీపఫలకమును నాలుగు ఉక్కుకాళ్లును గల ఒక బరువైన పెట్టె యెదుట నిలుచుండి, నాణెము వేసి, చిన్న ఉక్కుగోళీని అద్దము క్రింద పరుగెత్తించు పిన్‌బాల్ క్రీడయందు యువజనులకు ఆసక్తి మిగిలియున్నదా యను ప్రశ్న సహజముగనే పుట్టును. మిగిలియున్నదనియే నా నిశ్చితాభిప్రాయము. అయితే ఆ యాసక్తి నిలుచుట గాని తొలగుట గాని, ఆటగాడు యంత్రము చెంత గడుపు తొలి పది నిమిషములలో ఎవరైన అతనికి ఆటలోని ఒడుపును చూపిరా లేదా యను దానిపై ఆధారపడియుండును. పిన్‌బాల్‌ను అదృష్టపు ఆటగా తలచినవాడు త్వరలోనే విసుగుచెందును. అది చేతికి పట్టుబడు విద్య యని గ్రహించినవాడు దానిని సులభముగ విడువజాలడు.

18వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు ప్రభువుల విలాసమందిరములలో వెలసిన బగటెల్ అను బల్లయాట ఈ క్రీడకు మూలము. ఏటవాలు బల్లపై మేకులు నాటి, వాని నడుమ గుంటలు తొలిచి, కర్రతో బంతిని పైకి నెట్టుట నాటి పద్ధతి. అమెరికాలోని సిన్సినాటి నగరమున స్థిరపడిన మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అను ఆంగ్లేయుడు, కర్రకు మారుగ స్ప్రింగుతో పనిచేయు ప్లంజరు నమర్చి, 1871లో పేటెంటు పొందెను. 1931లో డేవిడ్ గాట్లీబ్ విడుదల చేసిన 'బాఫిల్ బాల్', ఆర్థికమాంద్యముచే క్రుంగియున్న అమెరికా ప్రజలకు ఒక్క పెన్నీకే కొంత వినోదమును సమకూర్చి, దేశమంతట వ్యాపించెను. కాని యానాటి యంత్రములలో గోళీని వదలిన పిమ్మట ఆటగాని వశమున నుండునది స్వల్పము. పెక్కు యంత్రములు పందెపు సొమ్మును చెల్లించుచు నుండెను గనుక అధికారులు దానిని జూదముగ నెంచిరి. న్యూయార్కు నగర మేయరు లగ్వార్డియా 1942లో నిషేధము విధించి, పట్టుబడిన యంత్రములను సుత్తులతో పగులగొట్టించెను.

ఈ క్రీడ యొక్క స్వభావమును మార్చినది ఫ్లిప్పరు. 1947లో గాట్లీబ్ సంస్థవారి 'హంప్టీ డంప్టీ' యంత్రమునకై హారీ మాబ్స్, మీట నొక్కినంతనే లేచి గోళీని కొట్టు ఆరు చిన్న చేతులను బల్ల యిరుప్రక్కల నమర్చెను. మరుసటి యేడు స్టీవ్ కోర్డెక్, ఆరింటికి రెండే చాలునని వానిని 'ట్రిపుల్ యాక్షన్' బల్ల యడుగుభాగమున నిలిపెను. క్రిందికి జారు గోళీని ఆపి, గురి చూచి, మరల పైకి పంపు స్వాతంత్ర్యము అంతటితో ఆటగానికి లభించినది. చట్టము మాత్రము ఈ మార్పును గుర్తించుటకు మూడు దశాబ్దములకు దగ్గరగ పట్టెను. 1976లో న్యూయార్కు నగర పాలకసభ సభ్యుల యెదుట రోజర్ షార్ప్ అను యువ పాత్రికేయుడు యంత్రముపై ఆడి చూపి, ప్లంజరును లాగుటకు ముందు, గోళీ నడిమి దారి గుండ దిగునని ప్రకటించి, చెప్పినట్లే దింపెను, నిషేధము తొలగినది. చేతిపనితనమును కన్నులార చూపుటచేతనే ఈ క్రీడకు గౌరవము దక్కినదన్న సత్యము నేటి చర్చకును వర్తించును.

ఆ చేతిపనితన మెట్టిదో వివరింతును. ఆటబల్ల సుమారు 6.5 డిగ్రీల వాలుతో నిలుచును. దానిపై తిరుగు గోళీ బరువు 80 గ్రాములు, అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. తగిలినంతనే విద్యుచ్ఛక్తితో గోళీని విసరికొట్టు బంపరులును, దెబ్బ తిన్నంతనే బల్లలోనికి దిగు డ్రాప్ టార్గెట్లును, గిరగిర తిరుగు స్పిన్నర్లును, గోళీని పైకెక్కించి మరల ఫ్లిప్పరు చెంతకు దింపు ర్యాంపులును ఆ బల్లపై నుండును. క్రొత్తవాడు వీని సందడికి బెదరి, గోళీ దిగివచ్చునపుడెల్ల రెండు మీటలను ఒక్కసారిగ నొక్కును. రెండు ఫ్లిప్పరులును లేచినపుడు వాని నడుమ సందు విశాలమగును. గోళీ ఆ సందున జారిపోవును. నైపుణ్యమునకు ప్రథమపాఠము ఈ తొందరను మానుటయే.

గోళీ ఫ్లిప్పరు మొదలి వైపు నుండి నెమ్మదిగ దొరలివచ్చునపుడు ఆ ప్రక్క మీటను నొక్కి పట్టినచో, లేచిన ఫ్లిప్పరునకును దాని వెనుకనున్న దారికిని నడుమ గోళీ ఒదిగి నిలుచును. దీనిని ట్రాప్ అందురు. గోళీ నిలిచెనా, కాలము ఆటగాని వశమగును. బల్లపై వెలుగుచున్న బాణపు గుర్తులను చూచి, ఏ గురిని కొట్టవలెనో నిదానముగ నిర్ణయించుకొనవచ్చును. పిమ్మట మీటను వదలి, గోళీ దొరలుచుండగ మరల నొక్కవలెను. కుడి ఫ్లిప్పరుపై గోళీ మొదటికి దగ్గరగ నున్నపుడు కొట్టినచో దాదాపు నిటారుగను, కొనకు చేరువైన కొలది ఎడమవైపునకును పోవును. ఈ క్షణభేదమును కన్నును వ్రేలును కలసి నేర్చుకొనుటయే గురి.

వేగముగ వచ్చు గోళీని నిలుపుటకు వేరు ఒడుపులు గలవు. ఒక ఫ్లిప్పరును కదపక విడిచినచో గోళీ దానిపై తట్టుకొని రెండవ ఫ్లిప్పరు మీదికి దాటును. ఏమియు చేయకుండుటయే యిందలి నేర్పు గనుక దీనికి డెడ్ బౌన్స్ అని పేరు. లేపియుంచిన ఫ్లిప్పరును గోళీ తాకెడు లిప్తపాటున దించుట డ్రాప్ క్యాచ్. క్రికెట్టులో క్యాచి పట్టువాడు బంతితోపాటు చేతులను వెనుకకు లాగికొనునట్లే, ఫ్లిప్పరు కూడ వెనుకకు తగ్గి గోళీ వేగమును మ్రింగివేయును. దిగియున్న ఫ్లిప్పరును, గోళీ తాకుటయు తాను పైకి చేరుటయు ఏకక్షణమున జరుగునట్లు లేపుట లైవ్ క్యాచ్. సాధకులకును ఇది యన్నివేళల లొంగదు.

వీని కన్నిటికి మించినది పెట్టెను తట్టుట. గోళీ ప్రక్కదారిలోనికి జారబోవునపుడు యంత్రమును అరచేతితో మెల్లగ నెట్టి దాని గతిని మార్చుట ఆటలో అంగీకృతమైన విద్యయే; నడ్జ్ అని దీని పేరు. అయితే దీనికొక హద్దు గలదు. పెట్టె లోపల ఒక లోహవలయము నడుమ గుండు వ్రేలాడుచుండును. కుదుపు మితిమీరినచో గుండు వలయమునకు తగిలి, ఫ్లిప్పరులు చచ్చుపడి, ఆ గోళీయు దానితో కూడబెట్టిన బోనసును పోవును. ఇదియే టిల్ట్. 1930ల దశకమున హారీ విలియమ్స్ వలన ఈ క్రీడకు లభించిన కట్టుబాటిది. ఎంతవరకు చొరవ చూపవలెనో, ఎచ్చట ఆగవలెనో ఏకకాలమున బోధించు ఇట్టి నియమము మరియొక ఆటలో అరుదు.

ఇన్ని సొగసులు గల క్రీడ యువతకు దూరమగుటకు కారణములు లేకపోలేదు. ఒక్కొక్క ఆటకు సాధారణముగ మూడు గోళీలే లభించును. నేర్పులేనివానికి ఆ మూడును కొలది నిమిషములలోనే ముగియును. ఇటీవలి యంత్రములలో నియమములు అల్లుకొని యల్లుకొని, నిపుణులకు తప్ప పరులకు బోధపడని స్థితికి చేరినవి. 1992లో 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' యంత్రములు 20,000కు పైగ అమ్ముడుపోయిన పిమ్మట ఏడేండ్లకే, విలియమ్స్ సంస్థ పిన్‌బాల్ నిర్మాణమును విరమించెను. కొన్నేండ్లపాటు షికాగో ప్రాంతమున స్టెర్న్ సంస్థ ప్రధానముగ ఈ పరిశ్రమను నిలిపినది.

అయినను పునరుజ్జీవనము కలిగినది. 2011లో జెర్సీ జాక్ అను పిన్‌బాల్ నిర్మాణసంస్థ స్థాపితమైనది. పోటీలలో ప్రపంచవిజేతయైన కీత్ ఎల్విన్ స్టెర్న్ సంస్థలో చేరి 'జురాసిక్ పార్క్', 'గాడ్జిల్లా' యంత్రములను రూపొందించెను. 2021 నుండి ఆటగాడు తన ఫోనుతో యంత్రమునకు పరిచయము చేసికొని, తన గెలుపులను భద్రపరచుకొను వసతి యేర్పడినది. గోళీ వదలిన తొలి కొన్ని క్షణములలో జారిపోయినచో దానిని యంత్రమే మరల నిచ్చు ఏర్పాటు క్రొత్తవానికి ఊరట. కాని క్రొత్తవానిని ఆకర్షించుటలో వీనిని మించినది కంటికి కనబడు స్పష్టమైన లక్ష్యము. బ్రయన్ ఎడ్డీ రూపొందించిన 'మెడీవల్ మాడ్‌నెస్' (1997) బల్ల నడుమ ఒక కోట యుండును. దాని ద్వారమును పలుమార్లు కొట్టినచో కోట కూలును. ఏమి చేయవలెనో బాలునకును ఒక చూపుతో తెలియును. అందలి నియమములన్నిటిని సాధించుటకు మాత్రము నిపుణునకును దీర్ఘాభ్యాసము కావలెను. ప్రవేశము సులభమై, పరిపూర్ణత దుర్లభమైన యంత్రమే అందరిని నిలుపగలదు. నిర్మాతలు మరువరాని సూత్రమిది.

తెలుగువారిలో పలువురకు పిన్‌బాల్ తొలిపరిచయము విండోస్ కంప్యూటరులోని 'స్పేస్ కేడెట్' ద్వారా కలిగినది. విండోస్ ఎక్స్‌పీ దినములలో కంప్యూటరు నేర్చిన తరము దానిని ఎరుగును. తరువాత వచ్చిన విండోస్ విస్టాతో అది తొలగింపబడినది. అందులోను బల్లను తట్టు మీటలుండెను. కాని గోళీ బరువు అరచేతికి తెలియదు, బంపరు కొట్టిన దెబ్బ మణికట్టునకు సోకదు. నిజయంత్రమున రబ్బరు అరుగును, తీగచుట్టలు వేడెక్కును, నేల వాలు మారును. ఒకే నమూనా యంత్రములు రెండు ఒకే తీరున ఆడవు. అందుచే ఆటగాడు కంఠస్థము చేసిన విద్యను వల్లించుట గాక, ఎదుటనున్న వస్తువును గమనించి దానికి తగినట్లు చేతిని మలచుకొనవలసి వచ్చును. తెరలపై జీవించు యువతకు ఈ క్రీడ యొసగు మేలు ఇదియే. పైగ నలుగురు వంతులవారీగ ఒకే యంత్రముపై ఆడవచ్చును గనుక, ఒకని నేర్పును చూచి మరియొకడు నేర్చుకొనును.

కావున యంత్రములను నడపువారికి నా విన్నపము: క్రొత్తవారికి రెండు ఒడుపులు నేర్పగల మనిషి నొకని వాని చెంత నుంచుడు, ఆ శ్రమ వృథా కాదు. కాలిఫోర్నియాలోని అలమీడాలో పసిఫిక్ పిన్‌బాల్ మ్యూజియమున ప్రవేశరుసుము చెల్లించినవారు నాణెముల బెంగ లేక పలుతరముల యంత్రములపై ఆడవచ్చును. ఆ చుట్టుప్రక్కల అసంఖ్యాకముగ నివసించు తెలుగు కుటుంబములు పిల్లలను ఒకమారు అచ్చటికి తీసికొనిపోవుట మంచిది. పాఠకులారా, మీకు ఎచ్చటనైన ఒక పిన్‌బాల్ యంత్రము తారసిల్లినచో పాయింట్ల లెక్కను గూర్చి చింతింపకుడు. తొలి గోళీని ఫ్లిప్పరుపై నిలిపి పట్టుడు, వెలుగుచున్న గురిని చూడుడు, పిమ్మటనే కొట్టుడు.