పది పంక్తుల పనితనము

ఒక కోడు తునక యొక్క గొప్పతనమును దాని పొడవును బట్టి గాక, అది తప్పించిన పనిని బట్టి నిర్ణయింపవలెనని నా దృఢవిశ్వాసము. కంప్యూటరు చేత అధికముగ పనిచేయించుట యెవ్వరికైనను సాధ్యమే. చేయవలసినదానిలో సగము అనవసరమని కనిపెట్టి, ఆ సగమును తొలగించి, మిగిలినదానిని పది పంక్తులలో ఇముడ్చుట మాత్రము శిల్పులకే చెల్లును. మనము నిత్యము డెస్క్‌టాప్‌ మీదను ఫోనులోను వాడుకొను యాప్‌లలో అట్టివారి చేతిపని ఎన్నియో మూలలయందు దాగియున్నది.

ఈ విద్యలో నాకు ఆరాధ్యుడు, ఆపిల్ సంస్థలో మాకింతోష్ కంప్యూటరునకు బొమ్మలు గీయు కోడును వ్రాసిన బిల్ అట్కిన్సన్. ఆయనకు ముందు ఐ.బి.ఎం.లో బ్రెసెన్‌హామ్ అను నాతడు 1962లోనే భాగహారముతో పనిలేకుండ, పూర్ణసంఖ్యల కూడికలతోనే సరళరేఖను గీయు మార్గమును చూపెను. 1984 జనవరిలో వెలువడిన మాకింతోష్‌ నందు ఉన్న మెమొరీ 128 కిలోబైట్లు మాత్రమే. అందలి 68000 ప్రాసెసరునకు దశాంశభిన్నముల గణితము తెలియదు. వృత్తము గీయుటకు వర్గమూలములు కావలెను, వర్గమూలములు తీయుట మిక్కిలి మందమైన పని. 1, 3, 5, 7 అను బేసిసంఖ్యలను వరుసగ కూడుచుపోయిన 1, 4, 9, 16 అను వర్గములే లభించునన్న, బడిపిల్లలకు సైతము తెలిసిన సత్యమును చేపట్టి, అట్కిన్సన్ మహానుభావుడు గుణకారము కూడ లేకుండ వృత్తములను, దీర్ఘవృత్తములను తెరపై క్షణములో నింపివేసెను. అది చూచిన స్టీవ్ జాబ్స్ మూలలు గుండ్రనైన దీర్ఘచతురస్రములు కూడ కావలెనని పట్టుబట్టి, వీథిలోనికి గొనిపోయి వాహనములు నిలుపరాదన్న పలకను చూపించెననియు, మరునాటి మధ్యాహ్నమునకే అట్కిన్సన్ వానిని సాధించి తెచ్చెననియు సహచరుడైన ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్ చెప్పియున్నాడు. నేడు మన ఫోనులలోని ప్రతి బొత్తాము యొక్క మూలలోను కనబడు ఆ వంపు నాటి మధ్యాహ్నమునకు ఋణపడియున్నది.

ఆపిల్ వారి లీసా యంత్రము నిర్మాణములో ఉన్న 1982 ప్రాంతమున, వారమునకు ఎన్ని పంక్తులు వ్రాసితిరో ఒక పత్రములో నింపుడని అధికారులు నిర్బంధించిరట. చిత్రభాగములను లెక్కించు తన కోడును ఆమూలాగ్రము సరిదిద్ది, ఇంచుమించు ఆరు రెట్లు వేగముగ నడుపుచు, రెండువేల పంక్తులను తగ్గించిన అట్కిన్సన్, ఆ గడిలో ‘-2000’ అని వ్రాసియిచ్చెను. ఇంతకు మించిన ప్రశస్తిపత్రము ప్రోగ్రామింగ్ చరిత్రలో మఱియొకటి నాకు తెలియదు. 2025లో ఆయన కాలధర్మము నొందెను. ఆయన వ్రాసిన చిత్రలేఖన ప్రోగ్రాములైన క్విక్‌డ్రా, మాక్‌పెయింట్‌ల మూలరచనలను మాత్రము అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియము 2010లోనే లోకమున కొసగినది. యాప్‌లు వ్రాయదలచిన ప్రతి యువకుడును, యువతియు ముందుగ వానిని చదువవలెను.

ఇక ఫోనుల విషయము. తెర సెకనుకు 60 మారులు మారవలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకన్లు, 120 మారులు మారు ఫోనులలో అందు సగమే. పదివేల పేర్ల జాబితా వ్రేలితో నెట్టగనే తొట్రుపాటు లేక జారిపోవుచున్నదనిన, అందు పదివేల వరుసలు సృష్టింపబడినవని తలపరాదు. తెరపై పట్టునన్నియు, అధికముగ రెండు మూడును మాత్రమే సృష్టించి, పైనుండి తెరదాటిపోయిన వరుసనే క్రిందికి తెచ్చి క్రొత్త పేరుతో నింపుటయే కిటుకు. ఐఫోనులో యూఐటేబుల్‌వ్యూ, ఆండ్రాయిడ్‌లో రీసైక్లర్‌వ్యూ చేయునది యిదియే. అయితే మరల వాడుకొన్న వరుసను పూర్వజన్మవాసన వెంటాడును: సుబ్బారావు గారి ఫొటో నెట్‌లోనుండి ఆలస్యముగ వచ్చులోపల ఆ వరుస సీతమ్మ గారి పాలయిపోయినచో, సీతమ్మ గారి పేరు ప్రక్కన సుబ్బారావు గారి ముఖము కనబడును. కావున వరుస తిరిగివచ్చిన తక్షణమే పాత చిత్రమును తుడిచివేయవలెను. ఫొటో చేరినపుడు ఈ వరుస ఇంకను ఆ వ్యక్తిదేనా యని పోల్చి, కానిచో విడిచిపెట్టవలెను. రెండే పంక్తులు! వెదుకు పెట్టెకును ఇదే నీతి వర్తించును. ప్రతి అక్షరమునకు సర్వరుకడకు పరుగెత్తక, 300 మిల్లీసెకన్ల గడువు పెట్టి, ఈలోపల మఱియొక అక్షరము పడినచో పాత గడువును రద్దుచేయవలెను. ప్రతి ప్రశ్నకు ఒక వరుససంఖ్య నిచ్చి, కడపటి సంఖ్య గల జవాబునే తెరపై చూపవలెను.

ఉత్తమమైన తునకయైనను దాని హద్దు తెలియనిదే చేపట్టరాదు. బైనరీ సెర్చ్‌లో మొదటి స్థానమును చివరి స్థానమును కూడి సగము చేయుట పుస్తకముల సంప్రదాయము. ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’ కర్తయైన జాన్ బెంట్లీ వంటి మహామహుడును అట్లే వ్రాసెను. జావా లైబ్రరీలో దానిని వ్రాసిన జాషువా బ్లాక్, ఆ కూడిక 2,147,483,647ను దాటినంతనే ఋణసంఖ్యయై పోవునని 2006లో తానే బహిరంగముగ ప్రకటించెను. మొదటి స్థానమునకు రెండింటి భేదములో సగము కలిపిన చాలును, దోషము తొలగును. తన గురువైన బెంట్లీ తప్పును, తన తప్పును ఒక్కసారే లోకమునకు చాటిన ఆ నిజాయితీకి నమస్కరింపవలెను.

తెలుగు యాప్‌లు వ్రాయువారికి మఱియొక మెలకువ అత్యవసరము. ‘స్త్రీ’ అనునది మన కంటికి ఒక్క అక్షరము. యూనికోడ్‌లో ఆరు సంకేతములు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేరు పొడవుగ నున్నదని ఏ బైటువద్దనో తెగనరికినచో వికృతమైన గుర్తులు తెరకెక్కును. 1992లో కెన్ థాంప్సన్, న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో రాబ్ పైక్ ఎదుట, బల్లపై పరచిన కాగితము మీదనే ఈ యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించెనని పైక్ వ్రాసెను; ఏ బైటు మొదటి రెండు బిట్లు 1, 0 అగునో అది నడిమి బైటని ఏర్పరచుటచే, ఎక్కడ పడినను వెనుకకు నాలుగడుగులు వేయకముందే సంకేతపు మొదలు దొరకును. ఎంత సొగసైన కల్పన! అయినను సంకేతము మొదలు దొరికిన మాత్రమున అక్షరము దొరకదు. 2023 నాటి యూనికోడ్ 15.1 నియమములు ‘స్త్రీ’ని ఒక్క ముద్దగ భావించుచున్నవి, అంతకు పూర్వపు లైబ్రరీలు మూడు ముక్కలు చేయును. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’లో కంటికి కనబడని ఒక విభాజకచిహ్నము చేరిన రూపము సందేశముగ వచ్చినంతనే ఐఫోను యాప్‌లు కుప్పకూలినవి; ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 వచ్చి ఆ లోపమును సరిచేసెను. మన లిపి లోతెఱుగక వ్రాసిన కోడునకు ఆపిల్ అంతటి పెద్ద సంస్థలోనే ఆ గతి పట్టినది.

ఈ శిల్పమునకు నేడు పట్టిన దుర్దశను తలచిన హృదయము మండుచున్నది. 2016 మార్చిలో, పదమునకు ఎడమవైపున ఖాళీలు చేర్చు 11 పంక్తుల ప్యాకేజీని దాని కర్త ఉపసంహరించుకొనగనే, దానిపై ఆధారపడిన సహస్రాధిక సాఫ్ట్‌వేరు నిర్మాణములు ప్రపంచవ్యాప్తముగ స్తంభించిపోయినవి. పదునొకండు పంక్తులు తాము వ్రాసికొనలేకనా? ఫైలు పరిమాణమును మనుష్యులు చదువురీతిగ చూపు ఒక జావా తునక 2010 నుండి అసంఖ్యాకముగ నకలు చేయబడినది. 999,999 బైట్లను ‘1.0 మెగాబైటు’ అనుటకు మారుగ ‘1000.0 కిలోబైట్లు’ అని చూపుచుండెను. దాని కర్తయే 2019లో దోషమును ఒప్పుకొని సవరించెను గాని, నకలు చేసికొన్నవారిలో ఎందరు సవరించుకొనిరి? ఇక డెస్క్‌టాప్‌ మీద, నాలుగు వాక్యములు వ్రాసికొను పుస్తకమునకు సైతము ఎలక్ట్రాన్ అను చట్రము పేర సంపూర్ణమైన క్రోమియం బ్రౌజరును లోపల మూటగట్టి పంపుట, చీటీ చేరవేయుటకు లారీ కట్టించుకొనుట వంటిది. ఒకే రచన మూడు యంత్రములపై నడచునను సౌకర్యమును కాదనను. కాని ఆ సౌకర్యమునకు వాడుకరి మెమొరీ మూల్యమగుచున్నది, వ్రాసినవానిది కాదు. ఆయా యంత్రముల స్వభాషలలో వ్రాసినదే యాప్ అనిపించుకొనునని నేను నిస్సంకోచముగ చెప్పుదును.

హైదరాబాదులోను, విశాఖలోను, విదేశములలోను యాప్‌లు నిర్మించుచున్న తెలుగు యువతను నేను ప్రార్థించునది స్వల్పము. తునకను తెచ్చుకొనుడు, తప్పులేదు. కాని తెచ్చుకొన్న ప్రతిదాని నెత్తిన అది ఏ సంఖ్యవద్ద విరుగునో, ఏ అక్షరమువద్ద తడబడునో ఒక పంక్తిలో వ్రాసియుంచుడు. మీ పరీక్షలలో ‘స్త్రీ’, ‘జ్ఞా’, ‘లక్ష్మి’ అను పదములను నేడే చేర్చుడు.