బురద మీద సమానమైన ఒరిపిడి

అమెరికాలో ఇల్లినాయ్ నది పక్కన డిప్యూ అనే చిన్న ఊరుంది. 1903లో అక్కడ జింకు కర్మాగారం వెలిసింది. దశాబ్దాల పాటు అక్కడి నుంచి జారిన జింకు, కాడ్మియం, సీసం, రాగి ఊరి సరస్సు అడుగుకు చేరాయి. 1999లో ప్రభుత్వం ఆ చోటును శుద్ధి చేయాల్సిన కలుషిత స్థలాల జాబితా అయిన సూపర్‌ఫండ్‌కు ఎక్కించింది. సరస్సులో లోతు తక్కువ. నదికి వరదొస్తే నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. పైగా అది మోటారు పడవల పందాలకు పేరు పడ్డ సరస్సు. అడుగు బురదలో లోహం ఎంతుందో తేల్చడం పెద్ద పని కాదు. నీరు ఎంత గట్టిగా ఒరుసుకుంటే అందులో ఎంత పైకొస్తుందన్నదే చిక్కు ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నల కోసం వాడే పరికరాల్లో నన్ను కట్టిపడేసింది గుస్ట్ గొట్టం. గీజెల్‌హేర్ గుస్ట్ దీని ఉపాయానికి 1990లో అమెరికా పేటెంటు పొందారు. చూపుకు ఆనేదేమీ కాదు. సుమారు పది సెంటీమీటర్ల వ్యాసమున్న పారదర్శకమైన గొట్టం, అడుగున పొరలు చెదరకుండా తీసిన బురద, దానిపై పది సెంటీమీటర్ల నీరు, ఆ పైన తిరిగే పళ్లెం. పళ్లెం నడిమధ్య నీటిని పీల్చే దారి ఉంటుంది. పీల్చినంత నీరు మళ్లీ లోపలికి చేరుతూనే ఉంటుంది.

పనితనమంతా ఆ మధ్య దారిలో ఉంది. గ్లాసులో నీళ్లు గిర్రున తిప్పితే అంచు దగ్గర వేగం, మధ్యలో మందకొడితనం. బురద మీద పళ్లెం తిప్పినా అంతే. అంచున బురద లేచిపోతుంటే నడుమ కదలిక ఉండదు. అప్పుడు కొలిచిన అంకె ఏ ఒరిపిడికి చెందినదో చెప్పలేం. గుస్ట్ తిరుగుడును అలాగే ఉంచి, దానికి పీల్పును జత చేశారు. పీల్పుకు నీరు అన్ని వైపుల నుంచి నడుముకు పరుగెడుతుంది. దారి ఇరుకయ్యేకొద్దీ దాని వేగం పెరుగుతుంది. తిరుగుడు బలహీనపడే చోట పీల్పు బలపడుతుంది. రెండూ సరైన పాళ్లలో కలిస్తే బురద ఉపరితలమంతటా దాదాపు ఒకే ఒరిపిడి పడుతుంది. ఏ ఒరిపిడికి పళ్లెం ఎంత వేగంగా తిరగాలో, పంపు ఎంత పీల్చాలో ముందే జతలుగా తేల్చి పెట్టుకుంటారు. ఒరిపిడిని 0.01 పాస్కల్‌తో మొదలుపెట్టి 0.45 దాకా, ఒక్కోసారి 0.6 దాకా మెట్టుమెట్టుగా పెంచుతారు. సాధారణంగా మెట్టుకు ఇరవై నిమిషాలు.

ఇంకో పొదుపు చూడండి. ఒరిపిడిని సరిదిద్దే ఆ పీల్పే నమూనానూ బయటికి తెస్తుంది. వచ్చిన నీరు మడ్డితనం కొలిచే మీటరు గుండా సీసాలకు చేరుతుంది. నమూనా కోసం మరో గొట్టం ముంచి ప్రవాహాన్ని చెడగొట్టే పని లేదు.

ఇంత సమానత్వం ఎందుకంటే, లోహం బయటపడే తీరు ఒరిపిడిని బట్టి మారుతుంది. నెమ్మది నీటిలో బురదను ఆనుకుని మిల్లీమీటరు మందాన దాదాపు కదలని పొర ఉంటుంది. కరిగిన లోహం దాన్ని దాటి మెల్లగా రావాలి. ప్రవాహం పెరిగితే ఆ పొర పలచబడి దారి దగ్గరవుతుంది. ఇంకా పెంచితే ఒక హద్దు దాటాక బురద రేణువులే లేస్తాయి. ఆక్సిజన్ అందని బురదలో జింకు, కాడ్మియం లాంటివి సల్ఫైడ్లుగా బంధమై ఉంటాయి. రేణువు ఆక్సిజన్ ఉన్న నీటిలోకి రాగానే ఆ బంధం తెగడం మొదలవుతుంది. ఐరన్ సల్ఫైడ్ త్వరగా మారిపోతుంది, జింకు, రాగి సల్ఫైడ్లు నిదానిస్తాయి. విడుదలైన లోహాన్ని కొత్తగా ఏర్పడే ఇనుప తుప్పు మళ్లీ పట్టుకోనూవచ్చు. కాబట్టి నీరు మడ్డిగా ఉన్నంత మాత్రాన అంత లోహం కరిగిందని కాదు. వడకట్టిన సీసానూ, వడకట్టని సీసానూ పక్కపక్కన కొలిస్తేనే అసలు లెక్క తేలుతుంది.

ఈ గొట్టానికి పరిమితులున్నాయి. అలల ఊగిసలాట ఇందులో లేదు. ఇసుక అడుగైతే అంచుకూ నడుముకూ మధ్య పీడన భేదం నీటిని రంధ్రాల గుండా నెట్టి లెక్కను తారుమారు చేస్తుంది. ఇసుక మెట్టల మీది ప్రవాహానికి పొడవాటి కృత్రిమ కాలువలే కావాలి. నీరు చొరబడని మెత్తటి బురద దగ్గరే దీని మాట నమ్మదగింది.

ఆ హద్దుల్లోపల మాత్రం ఇది చెప్పే అంకె గట్టిది. కలుషిత బురదను తవ్వి తీయాలా, పైన కప్పి వదిలేయాలా, పడవల వేగం తగ్గిస్తే చాలా అన్నది ఖరీదైన నిర్ణయం. ఆ బురద ఏ ఒరిపిడికి కదులుతుందో తెలిస్తేనే అందులో ఏది మేలో వాదించవచ్చు. విడిగా చూస్తే తిరుగుడుకూ లోపమే, పీల్పుకూ లోపమే. ఒకదాని లోపాన్ని రెండోదానితో తీర్చడం గుస్ట్ నేర్పు.